హెచ్‌ఎస్‌టీ: ఏ రోజు ఎంత బరువో ముందే రాసిపెట్టుకునే ప్రోగ్రామ్

కండ పెంచడానికి ఏదో ఒక ప్రోగ్రామ్ పట్టుకున్నవాళ్లు కనిపిస్తే "ఇది మీకెలా దొరికింది?" అని అడగడం నాకు అలవాటు. జిమ్‌లో మంచి బాడీ ఉన్నవాళ్లు చేస్తుంటే చూసి మొదలుపెట్టామని ఎక్కువమంది చెబుతారు. హైపర్‌ట్రఫీ స్పెసిఫిక్ ట్రైనింగ్, పొట్టిగా హెచ్‌ఎస్‌టీ అనే ఈ ప్రోగ్రామ్ చేసేవాళ్ల దగ్గర మాత్రం ఆ జవాబు దాదాపు వినలేదు. వీళ్లంతా ఎక్కడో ఒక చోట ఆగిపోయి, ఎందుకు ఆగిపోయామా అని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. ఒకతనికి మోచేతులు పట్టేసి బెంచ్ ప్రెస్ చేయలేని పరిస్థితి. ఒకావిడకు ఇద్దరు చిన్నపిల్లలు, వారానికి మూడు రోజులకు మించి జిమ్‌కు రావడం కుదరదు. ఇంకో కుర్రాడు ఫిజియాలజీ చదువుతున్నాడు. క్లాసులో విన్నదానికీ ట్రైనర్ చెప్పేదానికీ పొంతన కుదరక తనే వెతికి దీన్ని పట్టుకున్నాడు. ఎవరు ఏ దారిన వచ్చినా చేతిలో ఒకే రకం నోట్‌బుక్ ఉంటుంది. ఆ నోట్‌బుక్ సంగతి తర్వాత చెబుతాను.

నేను లెక్కల టీచర్ని. నలభై దాటినా బరువులెత్తడం మానలేదు, మానే ఉద్దేశమూ లేదు. కొన్నేళ్లుగా ఈ ప్రోగ్రామ్‌నే సైకిల్ (మొదటి నుంచి చివరిదాకా ఒక విడత) తర్వాత సైకిల్ చేస్తున్నాను. ఇందులో ఏది గట్టిగా నిలబడింది, కొత్త పరిశోధనలు వచ్చాక ఏది పలచబడింది, ఎవరికి పనికొస్తుంది అన్నది వివరంగా రాయాలనిపించింది. ప్రోగ్రామ్ వివరాలన్నీ బహిరంగంగానే ఉన్నాయి. ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు, యాప్ కొనక్కర్లేదు. ఒక పెన్ను, ఒక పుస్తకం చాలు.

దీన్ని తయారుచేసింది బ్రయాన్ హేకాక్ అనే అమెరికన్ కోచ్, రచయిత. 2000 ప్రాంతంలో బయటికొచ్చింది. అప్పట్లో బాడీబిల్డింగ్ పత్రికల నిండా చాంపియన్ల రొటీన్లే. ఛెస్ట్‌కో రోజు, వీపుకో రోజు, కాళ్లకో రోజు. ఒక్కో భాగాన్ని వారానికి ఒక్కసారి పట్టుకుని, చేతులు లేవకుండా అయ్యేదాకా చేయడం. హేకాక్ అక్కణ్నుంచి మొదలుపెట్టలేదు. కండ కణం ఏ సంకేతానికి పెరుగుతుంది, ఆ సంకేతం ఎంతసేపు నిలుస్తుంది, ఎప్పుడు మొద్దుబారుతుంది అని ల్యాబ్ పరిశోధనల్లో వెతికి, వచ్చిన జవాబులకు తగ్గట్టు వారపు షెడ్యూల్ అల్లాడు. ఆయన చెప్పిన జవాబుల్లో కొన్నిటితో నాకిప్పుడు పేచీ ఉంది. కానీ ప్రశ్న వేసిన క్రమం మాత్రం నాకు చాలా ఇష్టం.

నాకిది దొరికింది మా జిమ్‌లో అందరూ బాబాయ్ అని పిలిచే ఒక పెద్దాయన దగ్గర. జుట్టు పూర్తిగా తెల్లబడింది, భుజాలు మాత్రం ముప్పై ఏళ్లవాడివి. గంట తిరక్కుండా ఒళ్లంతా వర్కవుట్ చేసి చెమట తుడుచుకుని వెళ్లిపోయేవారు. ఆయన అరవడం, బరువు దబ్బున పడేయడం నేనెప్పుడూ చూడలేదు. ఒకరోజు బెంచ్ మీద ఆయన నోట్‌బుక్ తెరిచి ఉంది. రూళ్ల పుస్తకం, నీలం ఇంకు, అడ్డంగా తేదీలు, నిలువుగా ఎక్సర్‌సైజుల పేర్లు. ఆ తేదీల్లో సగానికి పైగా ఇంకా రానివి. వాటి కింద కూడా బరువులు రాసేసి ఉన్నాయి.

"జరగని వర్కవుట్‌కి బరువెలా రాశారు బాబాయ్?" అన్నాను.

"అందులోనే ఉందమ్మా అంతా. ఇవాళ ఎంత ఎత్తాలో ఇవాళ్టి మూడ్ చెప్పకూడదు" అన్నారు. కాసేపాగి, "నువ్వు ప్రతి సెట్టూ ప్రాణం పోయేదాకా లాగుతావు. బార్ మీద ప్లేట్లు మాత్రం పోయినేడాదివే. నీ కష్టం చూస్తే నాకే బాధేస్తోంది" అన్నారు.

ఆ మాట నిజం. సోర్‌నెస్ (మర్నాటి ఒంటినొప్పి) ఉంది, పంప్ (వర్కవుట్‌లో కండ ఉబ్బడం) ఉంది, అలసట ఉంది. టేప్ పెట్టి కొలిస్తే మాత్రం ఏ మార్పూ లేదు. ఆ రోజే నోట్‌బుక్ ఫొటో తీసుకున్నాను.

ప్రోగ్రామ్ ఇదీ. వారానికి మూడు వర్కవుట్లు, రోజు విడిచి రోజు. ప్రతిసారీ ఒళ్లంతా పనిచేయాలి: స్క్వాట్ లేదా లెగ్ ప్రెస్, లెగ్ కర్ల్, బెంచ్ ప్రెస్, రోయింగ్, పుల్ డౌన్, షోల్డర్ ప్రెస్, చేతులకు ఒకటీ అరా. ఒక్కోదానికి ఒకటో రెండో సెట్లు (ఆగకుండా వరుసగా చేసేది ఒక సెట్, అందులో ఒక్కోసారి ఎత్తడం ఒక రెప్). మొదటి రెండు వారాలు 15 రెప్స్, తర్వాతి రెండు వారాలు 10, ఆ తర్వాత రెండు వారాలు 5. చివర్లో ఇంకో రెండు వారాలు నెగెటివ్స్ (పెద్ద బరువును నెమ్మదిగా దించడం మాత్రమే చేసేవి), కుదరకపోతే 5 రెప్స్‌నే కొనసాగించవచ్చు. అదయ్యాక తొమ్మిది రోజుల నుంచి రెండు వారాల దాకా బరువులు ముట్టకూడదు. ఈ విరామానికి స్ట్రాటజిక్ డీకండిషనింగ్ అని పేరు పెట్టారు. తర్వాత మళ్లీ 15 నుంచి మొదలు, ఈసారి బరువులన్నీ ఒక మెట్టు పైన.

పైపైన చదివితే ఇందులో కొత్తేముంది అనిపిస్తుంది. అసలు కిటుకు బరువులు లెక్కగట్టే పద్ధతిలో ఉంది. సైకిల్ మొదలుపెట్టే ముందు ఒక్కో ఎక్సర్‌సైజ్‌కి మూడు సంఖ్యలు కనుక్కోవాలి: ఫార్మ్ (చేసే తీరు) చెడకుండా సరిగ్గా 15 సార్లు ఎత్తగలిగే బరువు, 10 సార్లు ఎత్తగలిగేది, 5 సార్లు ఎత్తగలిగేది. నా స్క్వాట్‌నే ఉదాహరణగా తీసుకోండి. 15కి 50 కిలోలు, 10కి 60, 5కి 70 అనుకుందాం. రెండు వారాలంటే ఆరు వర్కవుట్లు. ఆ ఆరో వర్కవుట్ కింద గరిష్ఠ బరువు రాసి, అక్కణ్నుంచి వెనక్కి 2.5 కిలోల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. 10 రెప్స్ వారాలకు వరుస ఇలా వస్తుంది: 47.5, 50, 52.5, 55, 57.5, 60. 15 రెప్స్‌కి 37.5తో మొదలై 50 దగ్గర ఆగుతుంది. 5 రెప్స్‌కి 57.5తో మొదలై 70కి చేరుతుంది.

ఈ మూడు వరుసల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 15 రెప్స్ వారాల చివర్లో 50 ఎత్తారు. 10 రెప్స్ మొదటిరోజు 47.5. అంటే బరువు ఒక మెట్టు దిగింది. అలాగే 60 నుంచి 57.5కి మళ్లీ దిగింది. కొత్తగా చేసేవాళ్లు ఇక్కడ కంగారుపడతారు, ఎక్కడో లెక్క తప్పిందనుకుంటారు. తప్పలేదు. ఎనిమిది వారాల మొత్తం గీత గీస్తే అది పైకే పోతుంది, మధ్యమధ్యలో చిన్న తగ్గుదలలు ఉంటాయంతే. ఆ దిగిన రోజుల్లో కీళ్లకు కాస్త ఊపిరాడుతుంది. మోచేతుల నొప్పితో వచ్చినతను సైకిల్ మధ్యలో నాతో చెప్పింది కూడా ఇదే. ప్రతిరోజూ గరిష్ఠ బరువుతో కుస్తీ పట్టక్కర్లేదు కాబట్టే తను చేయగలుగుతున్నానన్నాడు.

ఇంకో విషయం. ఫెయిల్యూర్ దాకా, అంటే ఇంకొక్క రెప్ కూడా రాని దాకా, వెళ్లేది రెండు వారాలకోసారి, ఆ చివరి వర్కవుట్‌లో మాత్రమే. అది కూడా లెక్క ప్రకారం వచ్చే గట్టి రోజు. మిగతా రోజుల్లో రెప్స్ పూర్తయ్యేసరికి ఒంట్లో ఇంకా కొంత మిగిలే ఉంటుంది. దీన్ని ఒప్పుకోవడానికి చాలామందికి మనసు రాదు. జిమ్‌లో మనకు మొదట నేర్పేదే "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అనడం కదా.

ఇక దీని వెనకున్న సైన్స్. నాలుగు సూత్రాలు చెప్పారు. మొదటిది, కండ మీద పడే భారమే పెరుగుదలకు మూలం. అలసట, మంట, పంప్ తోడొస్తాయి, అవి అసలు కారణం కాదు. దీనికి పాత ఆధారాలే గట్టివి. 1960ల చివర్లో ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగంలో, పిట్యూటరీ గ్రంథి తీసేసిన ఎలుకల్లో కూడా, పక్క కండరం పనిచేయకుండా చేసి భారమంతా ఒక కండరం మీద పడేలా చేస్తే అది పెరిగింది. గ్రోత్ హార్మోన్ వచ్చే దారే మూసుకుపోయినా భారం తన పని తాను చేసింది. హార్మోన్లతో పనే లేదని దీని అర్థం కాదు. భారం దానికదే ఒక సంకేతం అన్నది మాత్రం తేలిపోయింది.

రెండోది, ఎన్నాళ్లకోసారి చేయాలి అన్నది. 1995లో మెక్‌డూగల్ బృందం బైసెప్స్ మీద చేసిన అధ్యయనం ఇక్కడ ముఖ్యం. గట్టి వర్కవుట్ తర్వాత కండలో ప్రోటీన్ తయారయ్యే వేగం 4 గంటలకు సుమారు 50 శాతం పెరిగింది, 24 గంటలకు రెట్టింపు దాటింది, 36 గంటలకల్లా దాదాపు మామూలు స్థాయికి వచ్చేసింది. సోమవారం ఛెస్ట్ చేస్తే బుధవారం పొద్దుటికి ఆ ఊపు అయిపోయినట్టే. వచ్చే సోమవారం దాకా ఆ కండ ఖాళీగా కూర్చుంటుంది. వారానికి మూడు రోజుల షెడ్యూల్ ఈ లెక్క మీదే నిలబడింది.

ఇక్కడే నా మొదటి అభ్యంతరం. ఈ వాదన వినడానికి ఎంత చక్కగా ఉన్నా, తర్వాత వచ్చిన ఆధారాలు అంత గట్టిగా వెనకేసుకురాలేదు. 2016లో షోన్‌ఫెల్డ్ బృందం అప్పటిదాకా ఉన్న అధ్యయనాలన్నీ కలిపి చూసి, వారానికి ఒకసారి కంటే రెండుసార్లు మేలని చెప్పింది. 2019లో అదే షోన్‌ఫెల్డ్, సహచరులు మరిన్ని అధ్యయనాలతో చూసినప్పుడు, వారం మొత్తం మీద సెట్ల సంఖ్య సమానంగా ఉంటే ఎన్ని రోజులకు పంచామన్నది పెద్ద తేడా చేయడం లేదని తేలింది. కాబట్టి మూడు రోజుల్లో ఏదో మాయ ఉందని నేను చెప్పను. నా అనుభవంలో దీని లాభం వేరే. ఒకే రోజు పన్నెండు సెట్లు ఛెస్ట్ చేస్తే చివరి నాలుగైదు సెట్లలో భుజాలు వాలిపోతాయి, బార్ వంకర పోతుంది. అవే సెట్లను మూడు రోజులకు పంచితే ప్రతి సెట్టూ తాజాగా, శుభ్రంగా వస్తుంది. పైగా వారానికి మూడుసార్లు స్క్వాట్ చేసేవాళ్లకు స్క్వాట్ వచ్చేసినట్టు, వారానికోసారి చేసేవాళ్లకు రాదు.

మూడోది, బరువు పెరుగుతూ పోవాలి. కొత్త చెప్పు నాలుగు రోజులు కరుస్తుంది, ఆ తర్వాత అక్కడి చర్మం గట్టిపడి అదే చెప్పు వేసుకున్నట్టు కూడా తెలియదు. కండ కూడా అంతే, మోసిన బరువుకు తొందరగా గట్టిపడిపోతుంది. రిపీటెడ్ బౌట్ ఎఫెక్ట్ అని పరిశోధకులు దీని గురించి చాలా రాశారు. మొదటిసారి ఒళ్లు హూనం చేసిన వర్కవుట్ రెండోసారికి అంత దెబ్బతీయదు. అందుకే కండ అలవాటుపడేలోపు బరువు మారిపోవాలంటారు హేకాక్. ఈ సూత్రం మీద నాకు ఏ అనుమానమూ లేదు. సోర్‌నెస్ మీద ఆశ కూడా ఇక్కడే వదులుకోవచ్చు. 2016లో డమాస్ బృందం చేసిన అధ్యయనంలో, మొదటి వారాల్లో ఎక్కువగా తయారయ్యే ప్రోటీన్ దెబ్బతిన్న కండను బాగుచేయడానికే పోతున్నట్టు, ఆ దెబ్బ తగ్గాకే అది నిజమైన పెరుగుదలతో ముడిపడుతున్నట్టు కనిపించింది. మర్నాడు మెట్లు దిగలేకపోవడం కండ పెరుగుతోందనడానికి గుర్తు కాదు. పరీక్ష రాసి వచ్చిన పిల్లలు "చేయి నొప్పెట్టేదాకా రాశాం మేడం" అని చెబుతారు. నేను మార్కులు వేసేది జవాబులు చూసే.

నాలుగోది విరామం. అందరూ గొడవపడేదీ, చాలామంది ఎగ్గొట్టేదీ ఇదే. బరువులకు గట్టిపడిపోయిన కండ, కొన్ని రోజులు వాటికి దూరంగా ఉంటే మళ్లీ మెత్తబడి చిన్న బరువుకు కూడా స్పందిస్తుందని వాదన. తొమ్మిది, పది రోజుల విరామంతో మనుషుల్లో సరిగ్గా అలాగే జరుగుతుందనడానికి నేరుగా చూపించే రుజువు బలంగా లేదని నా అభిప్రాయం. అయితే దీనికి దగ్గరగా వచ్చే మంచి అధ్యయనం ఒకటుంది. 2013లో ఒగసవర బృందం యువకులతో 24 వారాలు బెంచ్ ప్రెస్ చేయించింది. ఒక జట్టు ఆపకుండా చేసింది. ఇంకో జట్టు 6 వారాలు చేసి 3 వారాలు ఆపి, మళ్లీ 6 వారాలు, మళ్లీ 3 వారాల విరామం, మళ్లీ 6 వారాలు. చివర్లో రెండు జట్ల కండా దాదాపు ఒకే మేరకు పెరిగింది. ఆపకుండా చేసినవాళ్లలో పెరుగుదల వేగం నెమ్మదిస్తూ వస్తే, ఆపి మొదలుపెట్టినవాళ్లలో ప్రతి విరామం తర్వాతా మళ్లీ వేగం పుంజుకుంది. విరామం వల్ల ఎక్కువ పెరుగుతామని దీన్నుంచి చెప్పలేం. కానీ మూడు వారాలు ఆపినా నష్టపోలేదంటే, పది రోజులు ఆపితే కొంప మునిగేదేమీ లేదు. నాకు ఆ ధైర్యం చాలు.

ఆ పది రోజులు అద్దం చూసుకోవడం మాత్రం కష్టం. భుజాలు చప్పబడ్డట్టు, కండ కరిగిపోయినట్టు కనిపిస్తుంది. ఆ తగ్గినట్టు కనిపించేది చాలావరకు కండలో నిల్వ ఉండే గ్లైకోజెన్ (ఒక రకం పిండిపదార్థం), దాంతోపాటు ఉండే నీరు. మళ్లీ మొదలుపెట్టిన వారంలోనే తిరిగొస్తుంది. ఇది ముందే తెలిసి ఉంటే టెన్షన్ పడరు. నాకు అప్పటిదాకా ఉన్న మోకాలి బిగువు, భుజం లోపల సన్నటి లాగుడు ఈ విరామంలోనే వదిలేవి. ఏడాది పొడవునా ఆగకుండా చేసే స్నేహితులు ఆ లాగుళ్లను నెలల తరబడి మోస్తూనే ఉంటారు. ఒక్క కీళ్ల కోసమైనా ఈ విరామాన్ని నేను వదులుకోను.

ఇప్పుడు అసలు లోపం. ప్రతి రెండు వారాల వరుసలో మొదటి రెండు వర్కవుట్లు మరీ తేలిక. 10 రెప్స్ మొదటిరోజు 47.5తో స్క్వాట్ చేస్తుంటే, పదోది పూర్తయ్యాక కూడా ఇంకో అరడజను వస్తాయని తొడలకు తెలుస్తూనే ఉంటుంది. ఈ ప్రోగ్రామ్ రాసిన కాలంలో, బరువు ముఖ్యం, శ్రమ తర్వాతి మాట అనుకునేవారు. 2012లో మిచెల్ బృందం, ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 30 శాతంతో ఫెయిల్యూర్ దాకా చేసినా 80 శాతంతో చేసినంత కండ పెరుగుతుందని చూపించింది. తర్వాత అలాంటివి చాలా వచ్చాయి. అంటే చిన్న బరువూ పనిచేస్తుంది, కాకపోతే ఫెయిల్యూర్‌కు దగ్గరగా వెళ్లాలి. హెచ్‌ఎస్‌టీ మొదటి రోజుల్లో బరువూ చిన్నదే, ఫెయిల్యూరూ దూరమే. అలాంటి రోజులు వరుసకు రెండు, సైకిల్ మొత్తానికి ఆరు దాకా పోతాయి. కొత్తవాళ్లకు పర్వాలేదు, ఏం చేసినా పెరుగుతారు. ఏళ్లుగా చేస్తున్నవాళ్లకు ఇది వృథానే.

దీనికి నేను చేసుకున్న సర్దుబాటు చాలా చిన్నది. 47.5 దగ్గర మొదలుపెట్టకుండా వరుసను ఇలా రాసుకుంటాను: 55, 55, 57.5, 57.5, 60, 60. ఒక్కో బరువు రెండు వర్కవుట్లు. బరువు పెరుగుతూనే ఉంటుంది, మొదటిరోజు నుంచే పనీ పడుతుంది. ఒకే బరువును వరుసగా రెండుసార్లు వాడటం ఈ ప్రోగ్రామ్ స్ఫూర్తికి విరుద్ధమేమీ కాదు. చిన్న కండరాలకైతే అది తప్పదు కూడా. సైడ్ లేటరల్‌కి (చేతులు పక్కలకు ఎత్తే భుజాల ఎక్సర్‌సైజ్) 5 కిలోల డంబెల్ తర్వాత ర్యాక్‌లో 7.5 ఉంటే, ఆ మెట్టు ఏకంగా సగం బరువు పెంచినట్టు. అక్కడ కేబుల్ మెషీన్‌కు మారడమో, అదే డంబెల్‌తో ఇంకొన్నాళ్లు చేయడమో చేయాలి. అర కిలో చిన్న ప్లేట్లు దొరికితే ఒక జత సంచిలో వేసుకోండి.

సెట్ల విషయంలోనూ మూల ప్రోగ్రామ్ కాస్త పిసినారిదే. 5 రెప్స్‌కి వచ్చేసరికి ఒక్కో ఎక్సర్‌సైజ్‌కి రెండే సెట్లంటే మొత్తం పది రెప్స్. 2017లో వచ్చిన విశ్లేషణ ఒకటి, వారానికి ఒక్కో కండరానికి 10 లేదా అంతకంటే ఎక్కువ సెట్లు చేసినవాళ్లు తక్కువ చేసినవాళ్ల కంటే ఎక్కువ పెరిగారని చెప్పింది. ఈ ప్రోగ్రామ్ చేసేవాళ్లలో చాలామంది పాటించే ఒక పద్ధతి నాకు బాగా కుదిరింది. మొత్తం రెప్స్‌ని 30 దగ్గర కట్టేస్తారు: 15 అయితే రెండు సెట్లు, 10 అయితే మూడు, 5 అయితే ఆరు. ఆరు సెట్లు చదవడానికి ఎక్కువ అనిపిస్తుంది. అయిదేసి రెప్స్ కాబట్టి త్వరగానే అయిపోతాయి. స్క్వాట్, బెంచ్, రోయింగ్‌లకు ఇలా చేసి, చేతుల ఎక్సర్‌సైజులకు సెట్లు తగ్గించుకుంటే గంటలో బయటపడొచ్చు.

నెగెటివ్స్ గురించి ఒక్క మాట. ఎత్తగలిగే దానికంటే ఎక్కువ బరువును కండ నెమ్మదిగా దించగలదు, ఇందులో సందేహం లేదు. కానీ ఎవరో ఒకరు ప్రతి రెప్‌కీ బరువు పైకి ఎత్తి పెట్టాలి. రెండు వారాల పాటు రోజు విడిచి రోజు అలా నిలబడే స్పాటర్ ఎవరికుంటారు? నేను వాటిని వదిలేసి, 5 రెప్స్‌నే ఇంకో రెండు వారాలు చేస్తాను. ప్రోగ్రామ్ రుచి మొత్తం ఆ నాలుగు వారాల్లో ఉంటుంది. ముందు వారాల్లో కీళ్లు అరగకుండా కాపాడుకున్నదంతా ఇక్కడ ఖర్చుపెడతాం. 70 కిలోల రోజు వచ్చినప్పుడు బార్ భుజాల మీద దిగగానే వీపు కింది దాకా ఆ బరువు తెలుస్తుంది. ఊపిరి బిగబట్టి కిందికి వెళ్తే మూడో రెప్ దగ్గర బార్ ఒక్క క్షణం నిలబడిపోతుంది, మళ్లీ కదులుతుంది. ఆ సంఖ్య ఆరు వారాల కిందటే నీలం ఇంకుతో రాసి ఉంది కాబట్టి, ఎత్తగలనా లేదా అన్న చర్చ మనసులో జరగదు.

15 రెప్స్ వారాల గురించి జాగ్రత్తగా చెప్పాలి. ఆ మంటలో పుట్టే లాక్టేట్ టెండన్లకు (కండను ఎముకకు కలిపే తాళ్లలాంటివి) మేలు చేస్తుందని ఈ ప్రోగ్రామ్ వాదన. నన్ను అది ఒప్పించలేదు. విరామం తర్వాత తేలిక బరువుతో మొదలుపెట్టడం కీళ్లకు మంచిదన్నది మాత్రం ఎవరైనా ఒప్పుకునే సంగతే, ఆ కారణంతోనే ఉంచుకున్నాను. 15 రెప్స్ స్క్వాట్ చేసి చూడండి, ఊపిరితిత్తులకు కూడా పని పడుతుంది.

ఎవరికి సరిపడుతుంది అంటే, స్క్వాట్, బెంచ్ లాంటివి ఫార్మ్ తప్పకుండా చేయడం వచ్చి, ఎక్కడో ఆగిపోయినవాళ్లకు. వారానికి మూడు రోజులే దొరికేవాళ్లకు ఇంతకంటే మంచిది నాకు కనిపించలేదు. ఇద్దరు పిల్లల తల్లి అని చెప్పానే, ఆవిడ భుజాలు రెండు సైకిళ్లలో మారిపోవడం నా కళ్లారా చూశాను. పవర్‌లిఫ్టింగ్ పోటీలకు వెళ్లేవాళ్లకు ఇది కాదు. వాళ్లకు ఒక్క రెప్ బరువు పెరగాలి, దానికి వేరే శిక్షణ ఉంది. నిన్ననే జిమ్‌లో చేరినవాళ్లకు కూడా వద్దు. వాళ్లకు ఫార్మే నిలకడగా లేనప్పుడు 15, 10, 5 గరిష్ఠాలు కొలిచినా ఆ సంఖ్యలకు అర్థం ఉండదు. ప్రోటీన్ ఎంత అనేవాళ్లకు: శరీర బరువులో కిలోకు రోజుకు 1.6 గ్రాముల దగ్గర లాభం దాదాపు ఆగిపోతుందని 2018లో వచ్చిన పెద్ద విశ్లేషణ చెబుతోంది. ఏ ప్రోగ్రామ్ చేసినా ఆ సంఖ్య మారదు.

గరిష్ఠాలు కొలవడానికి ఒక వారం పూర్తిగా కేటాయించండి. మూడు సంఖ్యలూ ఒకే రోజు కొలవకండి, 5 రెప్స్ ఒక రోజు, 10 ఒక రోజు, 15 ఒక రోజు. ఈ వారాన్ని విరామానికి ముందు పెట్టుకోవాలి. విరామం తర్వాత కొలిస్తే, తాజాగా మెత్తబడిన కండ మీద మొదటిరోజే గరిష్ఠ బరువు మోపినట్టవుతుంది. నోట్‌బుక్‌లో రాసేటప్పుడు, నిజంగా శుభ్రంగా వచ్చిన బరువే రాయండి. చివరి రెండు రెప్స్ నడుం వంచి లాగినవైతే ఆ బరువు లెక్కలోకి రాదు. ఒక్క సంఖ్య పెద్దదిగా రాసుకుంటే ఆరు వర్కవుట్లూ ఆ మేరకు పెద్దవవుతాయి.

మధ్యలో ఒక వర్కవుట్ తప్పిపోతే దాన్ని దాటేయకండి. బుధవారం 55 ఎత్తాల్సి ఉండి వెళ్లలేకపోతే, శుక్రవారం 57.5 కాదు, 55తోనే చేయండి. తేదీలన్నీ ఒక గడి జరుగుతాయి, బరువుల వరుస అలాగే ఉంటుంది. జ్వరం వచ్చి వారం పోతే రెండు వర్కవుట్లు వెనక్కి వెళ్లి అక్కణ్నుంచి మళ్లీ ఎక్కండి. రెండు వారాలు దాటి ఆగిపోతే మాత్రం పాత పేజీ కొట్టేసి, దాన్నే విరామంగా లెక్కేసుకుని 15 రెప్స్‌తో కొత్త సైకిల్ మొదలుపెట్టండి.